పగుళ్ల పద్దు

రేగడిపాలెం కుమ్మరుల్లో ఒక ఆచారం ఉంది. కుండలు కాల్చే ఆవానికి నిప్పు పెట్టబోయే ముందు ఎవరైనా వచ్చి, ఈసారి ఎన్ని కుండలు దక్కుతాయని అడిగితే, "సగం పోతే సగం" అనాలి. అంతకు మించి ఒక్క కుండ ఎక్కువ చెప్పినా దిష్టి తగులుతుంది. నిజానికి రాఘవమ్మ ఆవంలో వందకు రెండో మూడో పోతే ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. కోళ్లకు నీళ్లు పెట్టడానికి పగిలిన పెంకు కావాలన్నా ఆ వాడలో దొరకదు. అయినా అడిగినవాళ్లకు మాత్రం ఆమె మొహం వేలాడేసి సగం పోతే సగమనే చెప్పేది. ఆమె అత్తగారూ అలాగే చెప్పింది, ఆవిడ అత్తగారూ అలాగే చెప్పింది. విన్నవాళ్లు అయ్యో పాపం అనేవాళ్లే గాని, నమ్మేవాళ్లు కాదు. ఆ మాటను మొట్టమొదట నమ్మినవాడు ప్రణాళికాధికారి లక్ష్మీగణపతి.

రాఘవమ్మ ఆ ఊరి కుమ్మరుల సంఘానికి అధ్యక్షురాలు. భర్త పోయాక కుండలు చేసే సారె దగ్గర మరిది సాంబశివుడు కూర్చుంటే, ఆవం సంగతీ బేరాల సంగతీ ఆమె చూసుకునేది. శ్రావణంలో ఎడతెరిపి లేకుండా కురిసిన వానకు పాత ఆవం గోడలు నానిపోయి ఒక మధ్యాహ్నం కూలిపోయాయి. అన్నీ సర్దుకుని చూస్తే మాఘం పెద్ద దూరంలో లేదు. మాఘమంటే పెళ్లిళ్లు, పెళ్లిళ్లంటే అరివేణి కుండలు. సున్నమూ రంగులూ పూసిన ఆ కుండల కోసం పెళ్లివారు మేళతాళాలతో కుమ్మరి ఇంటికే వచ్చి, పసుపూ కుంకుమా పెట్టి తీసుకుపోతారు. ఏ ఇంటికి ఏ కుమ్మరి ఇవ్వాలో తాతల నాటి నుంచి వాడుక. ఆ కుండలు ఇచ్చేవాళ్ల సొంత ఆవంలోనే కాలాలి. ఈ మాఘంలో రాఘవమ్మ ఇవ్వలేకపోతే ఆ మేళం పక్క ఊరు ఏటిగడ్డలో గురవయ్య గుమ్మం ముందు మోగుతుంది, ఒకసారి అక్కడ మోగిందంటే మళ్లీ ఇటు తిరగదు. ఆమె భయమంతా అదే.

చిన్న ఆవమే కదా, అప్పోసప్పో చేసి కట్టేసుకుందామని ఆమె అంది. సాంబశివుడు పడనివ్వలేదు. పంచాయతీ ఆఫీసు గోడ మీద 'చిన్న ఆవం, పెద్ద ఆశయం' అని ప్రభుత్వ పథకం కాగితం చూసొచ్చాడు. "సర్కారోళ్ల సొమ్ముండగా మన చేతులు కాల్చుకోవడం ఎందుకొదినా," అన్నాడు. చేతులు కాలకుండా ఆవం పెట్టిన కుమ్మరి ఎవడూ లేడని ఆమెకు తెలుసు. కాని ఇటుకల ధర వినేసరికి ఊరుకుంది.

లక్ష్మీగణపతి మంచివాడు. ఆ సంగతి ముందే చెప్పేయాలి, ఎందుకంటే తరువాత జరిగినదంతా ఆయన మంచితనం వల్లే జరిగింది. లంచం ముట్టడు, కాఫీ ఇస్తే వద్దంటాడు, ప్రపంచంలో ఉన్న కష్టాలన్నీ సరైన అంచనాలు వేయకపోవడం వల్లే వచ్చాయని నమ్ముతాడు. దరఖాస్తు అందగానే వచ్చి, టేపు పట్టుకుని పెరడంతా కొలిచాడు. మట్టి ఎక్కడిది, గడ్డి ఎవరిది, గాలి ఏ వైపు నుంచి వీస్తుంది, వీయకపోతే ప్రత్యామ్నాయం ఏమిటి అని అన్నీ ఓపిగ్గా అడిగి రాసుకున్నాడు. చివరికి, "ఒక విడత కాల్పులో భంగ శాతం ఎంతమ్మా?" అన్నాడు.

ఎన్ని పగులుతాయని అడుగుతున్నాడని సాంబశివుడు విప్పి చెప్పాడు. రాఘవమ్మ పాత ఆవం ఉన్న చోటును ఒకసారి చూసి, కళ్లు దించుకుంది.

"సగం పోతే సగం బాబూ," అంది.

ఆయన యాభై అని రాసుకున్నాడు. అబ్బే అని సాంబశివుడు నోరు తెరవబోతే ఆమె వాడి కాలు తొక్కింది. కట్టబోయే ఆవమైనా ఆవమే, దానికీ దిష్టి తగులుతుంది.

కార్తీకంలో మంజూరు కాగితంతో పాటు లడ్డూల పొట్లం కూడా పట్టుకుని లక్ష్మీగణపతి స్వయంగా వచ్చాడు. జిల్లాలో చాలా ఊళ్లు అడిగాయట. కొందరు ఏమీ పగలవన్నారట, కొందరు నాలుగో అయిదో అన్నారట. వాటన్నిటినీ 'అవాస్తవిక ఆశావాదం' అని రాష్ట్ర కమిటీ తిప్పికొట్టిందట. ఒక్క రేగడిపాలెం మాత్రమే ఉన్న లోపాన్ని ఉన్నట్టు ఒప్పుకున్నదని, ఇలాంటి నిజాయితీ ఈ దేశానికి అవసరమని కమిటీ అధ్యక్షులవారు మెచ్చుకున్నారట. రాఘవమ్మ లడ్డూ తింది.

కాగితం విప్పి చదివితే అసలు సంగతి బయటపడింది. ఆవం కట్టుబడికి ఇచ్చింది పిసరంత. ఏడాది పొడవునా పగలబోయే కుండల నష్టానికి ఇచ్చింది దానికి పదింతలు. పైగా మొదటి విడతగా పగుళ్ల పద్దు కింద సొమ్ము విడుదలవుతుంది, దాన్ని పూర్తిగా ఖర్చు చేసి ధ్రువపత్రం పంపితే రెండో విడతగా కట్టుబడి సొమ్ము వస్తుంది.

"ఆవం లేకుండా ఎట్టా పగులుతాయి బాబూ?" అని రాఘవమ్మ అడిగింది.

"ఆవం మూలధన వ్యయమమ్మా. పగుళ్లు నిర్వహణ వ్యయం. నిర్వహణ సామర్థ్యం నిరూపించుకోని సంస్థకు మూలధనం ఇవ్వరాదని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది."

అప్పుడామె గుండె రాయి చేసుకుని, తలుపు దగ్గరికి వేసి, గొంతు బాగా తగ్గించి నిజం చెప్పింది. అది దిష్టి మాట, అన్ని పగలవు, నిజానికి అసలు పగలనే పగలవు అంది. లక్ష్మీగణపతి మొహంలో నెత్తురు చుక్క లేదు. అంటే నివేదికలో అసత్య సమాచారం ఇచ్చినట్టా అన్నాడు. అలాగైతే మంజూరు రద్దు చేయాలి, సంఘాన్ని అయిదేళ్లు నిషేధిత జాబితాలో పెట్టాలి, తన ఉద్యోగం సంగతి తరువాత అన్నాడు. కాసేపు మార్గదర్శకాల పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. "దిష్టికి పద్దు లేదమ్మా," అన్నాడు నిజమైన బాధతో.

ఆయన కళ్లలో నీళ్లు తిరగడం చూసి రాఘవమ్మకే జాలి వేసింది. "పోన్లే బాబూ, పగులుతాయి. సుబ్బరంగా పగులుతాయి," అంది. ఆయన కుదుటపడ్డాడు.

సొంత కుండలు లేవు కాబట్టి, పగలడానికి కుండలు కొనాలని ఆఫీసు తేల్చింది. కొనాలంటే టెండరు పిలవాలి. పిలిస్తే వచ్చినవాడు ఒక్కడే, ఏటిగడ్డ గురవయ్య. ఏ మనిషి గుమ్మం ముందు మేళం మోగకూడదని ఆమె ఇంత యాతన పడుతున్నదో ఆ మనిషి ఆవమే రెండు ట్రాక్టర్ల కుండల సరుకుతో భగభగమంది. గురవయ్య అడిగిన సందేహం ఒక్కటే. "పగలగొట్టడానికైతే మెత్తగా కాల్చనా, గట్టిగా కాల్చనా?" అన్నాడు. దీని మీద పైనుంచి జవాబు రావడానికి కొంత కాలం పట్టింది. నాణ్యతలో రాజీ పడరాదనీ, ఉత్తమ శ్రేణి కుండలు మాత్రమే పగులుటకు అర్హములనీ జవాబు వచ్చింది. గురవయ్య చక్కగా, ఖంగుమనేలా కాల్చాడు.

ఏటిగడ్డ నుంచి రేగడిపాలేనికి దారి గుంటలమయం. ట్రాక్టరు ఊరు చేరేసరికి పై వరస కుండలు కొన్ని పగిలిపోయాయి. కొంతైనా పని తగ్గిందని సాంబశివుడు సంతోషించాడు. లక్ష్మీగణపతి తల అడ్డంగా ఊపాడు. అవి కమిటీ సమక్షంలో పగలలేదు. అనుమతి లేకుండా వాటంతట అవి పగిలాయి. వాటిని లక్ష్యంలో కలుపుకుంటే రేపు ఏ కుండ పడితే ఆ కుండ ఎక్కడ పడితే అక్కడ పగలడం మొదలుపెడుతుంది. కాబట్టి వాటి బదులు మంచి కుండలు తెప్పించి, దారంతా గడ్డి పరిచి, పిల్ల పుట్టిన ఇంటికి పాలకుండ తెచ్చినంత జాగ్రత్తగా తీసుకొచ్చారు. తెచ్చి, పగలగొట్టడానికి సిద్ధంగా వరసలు పేర్చారు.

సంఘం షెడ్డు ముందు షామియానా వేశారు. 'భంగ లక్ష్య సాధన కార్యక్రమం' అని గుడ్డ కట్టారు. ఒక కుండను పగలకముందు, పగులుతుండగా, పగిలిన తరువాత ఫోటో తీయాలి కాబట్టి ఫోటోగ్రాఫరును కుదిర్చారు. పగలగొట్టే గుదియ మాత్రం టెండరు లేకుండానే దొరికింది, కరణంగారి దొడ్లో చింతకొమ్మ. అన్నీ అమిరాక అసలు చిక్కు వచ్చి పడింది. పగలగొట్టేదెవరు?

కుమ్మరులు చచ్చినా పట్టుకోమన్నారు. చేత్తో చేసే జాతి, చేత్తో కొట్టకూడదు అన్నారు. ఆఫీసు అటెండరును పిలిస్తే వాడు గుదియను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "మా నాన్న బతికే ఉన్నాడండీ," అన్నాడు. అప్పుడు అందరికీ గుర్తుకొచ్చింది. కుండ పగలగొట్టేది శ్మశానంలో, తలకొరివి పెట్టినవాడు. అమ్మానాన్నలు ఉన్నవాడు నలుగురి ముందూ కుండ మీద దెబ్బ వేస్తే ఇక వాళ్లకు నూకలు చెల్లినట్టే. డ్రైవరుకు తల్లి ఉంది. ఫోటోగ్రాఫరుకు ఇద్దరూ ఉన్నారు. లక్ష్మీగణపతికి తల్లి ఉంది, అదీ ఆస్పత్రిలో ఉంది. ఆయన నుదుటి చెమట తుడుచుకుని, పైకి ఒక నోటు పంపాడు.

నోటు మీద పెద్ద చర్చే జరిగింది. ఉద్యోగి మూఢనమ్మకాలను కార్యాలయం గుర్తించదనీ, అయితే ఉద్యోగి మనోభావాలను గౌరవించునదనీ, ఈ రెంటినీ సమన్వయం చేస్తూ, తల్లిదండ్రులిరువురూ గతించిన అధికారిని 'భంగాధికారి'గా నియమించవలెననీ ఉత్తర్వు వచ్చింది. గతించినట్లు ధ్రువపత్రాలు జతపరచవలెను. జిల్లా అంతా వెతికితే అలాంటి అర్హత ఉన్నవాడు ఆడిట్ ఆఫీసరు త్రివిక్రమరావు ఒక్కడే తేలాడు. ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడింది. సర్వీసులో అర్హత ఉన్న ప్రతి పదోన్నతినీ ఎవరో ఒకరు తన్నుకుపోయారు. ఈ ఒక్కదానికే పోటీ లేదు. ఆయన కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"భంగమనగా ఏమి?" అని షామియానా కింద నిలబడి ఆయన ఉపన్యాసం ఎత్తుకున్నాడు. "ఉద్దేశపూర్వకముగా, సాక్షుల సమక్షమున, తగు బలము ప్రయోగించి, పాత్రను పాత్రగా వినియోగించుటకు వీలులేని స్థితికి తెచ్చుట. బీట భంగము కాదు. అంచు లేచుట భంగము కాదు."

కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అని సామెత. గురవయ్య కుండల మీద త్రివిక్రమరావుకు ఒక పెట్టు చాలలేదు. ఉత్తమ శ్రేణి కాబట్టి మొదటి కుండకు మూడు పెట్లు పట్టాయి. పగులుతుండగా తీయవలసిన ఫోటో రెండుసార్లు తప్పిపోయింది. అలా తప్పినవి లెక్కలోకి రావు కాబట్టి కొత్త కుండలతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, మొహం మాత్రం వెలిగిపోతున్నది. ఇన్నాళ్లూ ఎదుటివాళ్ల లెక్కల్లో లోపాలు వెతకడమే గాని, చేత్తో ఒక పని చేసి చూపించే అవకాశం ఆయనకెప్పుడూ రాలేదు.

రాఘవమ్మ చూడలేకపోయింది. లోపలికి వెళ్లి, గోడకు ఆనుకుని, చెంగుతో చెవులు మూసుకుని కూర్చుంది. అవి గురవయ్య కుండలే. రేపు తన నోటి దగ్గర కూడు తన్నుకుపోయేవాడి కుండలే. అయినా దెబ్బ వినిపించినప్పుడల్లా ఆమె చెంగును ఇంకా గట్టిగా అదుముకుంది. ఎవడు చేసినా కుండ కుండే, మట్టి తొక్కిన కాళ్లు కాళ్లే. ఆ రోజు ఆమెకు అధికారుల మీద కన్నా తన నోటి మీద కోపం వచ్చింది.

సాయంత్రానికి లక్ష్యం నెరవేరింది. త్రివిక్రమరావు సంతకం పెడుతూ చివర ఒక వాక్యం చేర్చాడు. భగ్నావశేషములను తొలగించు బాధ్యత సంఘానిదే, అందులకు ఎట్టి నిధులూ కేటాయింపబడలేదు. లక్ష్మీగణపతి రాఘవమ్మకు చేతులెత్తి దండం పెట్టాడు. రెండో విడత సంగతేమిటని ఆమె అడిగింది. పంపిస్తాననీ, కొత్త ఆర్థిక సంవత్సరంలో తప్పకుండా వస్తుందనీ చెప్పాడు. అంటే మాఘం వెళ్లి, ఫాల్గుణం కూడా వెళ్లాక.

జీపు వెళ్లిపోయాక షెడ్డు ముందు నడుమెత్తు పెంకుల గుట్ట మిగిలింది. ఎరుపూ నలుపూ కలిసిన పెంకులు, ఖంగుమనే పెంకులు. సాంబశివుడు ఒకటి తీసుకుని గోటితో కొట్టి చూసి, వదిన మొహంలోకి చూశాడు. సాంబశివుడి తాత కట్టిన మొదటి ఆవం ఇటుకలతో కట్టింది కాదు. పెంకూ మట్టీ, పెంకూ మట్టీ పేర్చి కట్టింది. ఆ తరువాత ఆ వాడలో అన్ని పెంకులు ఎన్నడూ పోగుపడలేదు, అందుకే ఇటుకల మాట వచ్చింది.

"వదినా, ఇయి తీసెయ్యమన్నారు గదా," అన్నాడు.

"ఆఁ. ఎక్కడికని చెప్పలా," అంది రాఘవమ్మ.

మర్నాడు వాడకట్టంతా చేయి వేసింది. ఆడవాళ్లు పెంకులు ఏరి అందిస్తే, మగవాళ్లు మట్టి తొక్కారు, సాంబశివుడు పేర్చాడు. సర్కారు ఒక్క ఇటుక కూడా ఇవ్వకుండానే సర్కారు సొమ్ముతో చిన్న ఆవం లేచింది, ముద్దుగా, బోర్లించిన చట్టిలాగా. గోడలు ఆరేలోగా అరివేణి కుండలు సారె మీద తిరిగి, నీడలో ఆరి, ఆవంలో కూర్చున్నాయి. కాగితాల మీద మాత్రం రేగడిపాలెంలో ఆవం లేదు. లేని ఆవానికి తనిఖీలుండవు కాబట్టి ఎవరూ రాలేదు, ఎవరూ కొలవలేదు. ఆ కొద్దిరోజులు రాఘవమ్మ ప్రాణం హాయిగా ఉంది.

సరిగ్గా నిప్పు పెట్టిన పూటే జిల్లా కేంద్రం నుంచి జీపు వచ్చింది. ఆవం లేకుండానే భంగ లక్ష్యాన్ని నూటికి నూరు శాతం సాధించిన ఏకైక సంఘంగా రేగడిపాలేన్ని ఎంపిక చేశారట, అధ్యక్షురాలు వెంటనే రావాలట. ఇంటి వెనక లేచే పొగ చూసి డ్రైవరు అదేమిటన్నాడు. చెత్త తగలబెడుతున్నామని సాంబశివుడు చెప్పాడు. ఆమె మండుతున్న ఆవం వైపు చూస్తూ జీపెక్కింది.

హాలు నిండా జనం. ఉన్నతాధికారి ఒకాయన మైకు పట్టుకుని, సాధారణంగా వసతులు కల్పించినా ఫలితాలు రావనీ, ఇక్కడ వసతి లేకుండానే ఫలితం వచ్చిందనీ, ఇదే నూతన ప్రణాళికా దృక్పథమనీ చాలాసేపు చెప్పాడు. శాలువా కప్పాడు. జ్ఞాపికగా తళతళలాడే రాగిచెంబు ఒకటి చేతికిచ్చాడు. ఇచ్చి, మైకు ఆమె ముందు పెట్టి, చిరునవ్వుతో అడిగాడు.

"రేపు ఆవం కూడా వచ్చేస్తే ఇంకెన్ని పగలగొడతారమ్మా?"

రాఘవమ్మ మనసంతా ఊళ్లోనే ఉంది. అక్కడ ఆవం మండుతూ ఉంది. అయిదిళ్ల పెళ్లికుండలు అందులో ఉన్నాయి. ఒక్కటీ పగలదంటే దిష్టి, ఆ క్షణానే గోడ బీటలిస్తుంది. సగం పోతే సగమంటే, ముందు వరసలో కూర్చున్న లక్ష్మీగణపతి మోకాళ్ల మీద పుస్తకం తెరిచి ఉంది, పెన్ను మూత తీసి ఉంది, ఆ పక్కనే త్రివిక్రమరావు కొత్త చొక్కాతో ఉన్నాడు. ఎటు చూసినా గొయ్యే. ఆమె దిక్కుతోచక చేతిలో ఉన్నదాన్ని పైకెత్తింది.

"ఇది మాత్రం పగలదయ్యా," అంది.

హాలంతా చప్పట్లు. ఉన్నతాధికారి కూడా పగలబడి నవ్వాడు. లక్ష్మీగణపతి నవ్వలేదు. తల వంచుకుని శ్రద్ధగా ఏదో రాసుకున్నాడు. ఆమె ఆవం ధ్యాసలో ఉండి అది గమనించలేదు.

ఆవం చల్లారాక విప్పితే ఒక మూకుడు తప్ప ఏమీ పోలేదు. రాఘవమ్మ ఒక్కొక్క కుండనూ చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూసి, ఆ మోత విని, నలుగురి ముందూ ఏడ్చేసింది. మాఘంలో మేళాలు ఒకదాని వెనక ఒకటి ఆమె గుమ్మం ముందుకే వచ్చాయి. పెళ్లివారు సున్నం పూసిన కుండలకు పసుపు రాసి, ఆమెకు చీరా రవికెల గుడ్డా పెట్టి, తలల మీద ఎత్తుకుని వెళ్లారు. గురవయ్య కూడా ఒక పెళ్లివారి వెంట వచ్చాడు. ఇంటి వెనక్కి వెళ్లి ఆవం గోడ తడిమి చూసి, తన కుండల్ని తానే గుర్తుపట్టాడు. "బాగానే కాల్చానొదినా," అని మాత్రం అన్నాడు.

ఫాల్గుణంలో ఒక లారీ వచ్చి ఇంటి ముందు ఆగింది. నిండా రాగిచెంబులు. వాటితో పాటు ఒక ఉత్తర్వు ఉంది. అధ్యక్షురాలి సూచన మేరకు, భంగరహిత మృణ్మయ పాత్రల ప్రయోగాత్మక పథకం కింద వీటిని పంపడమైనది, ఆవం మంజూరైన వెంటనే అందులో కాల్చి, ఎన్ని పగిలినవో తెలుపవలెను. కుమ్మరి ఆవంలో రాగిచెంబు వెతికినట్టని పెద్దవాళ్లు వెక్కిరించేవాళ్లు. ఇక వెతకక్కర్లేదు, ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. సాంబశివుడు నేల మీద చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

లారీ డ్రైవరు దూరం ఊరివాడు, ఏమీ ఎరగడు. చెంబులన్నీ దింపి, చెమట తుడుచుకుని, పెరట్లో ఉన్న చిన్న ఆవం వైపు చూశాడు. ఇవన్నీ ఇందులో కాలిస్తే ఎన్ని దక్కుతాయమ్మా అని అమాయకంగా అడిగాడు.

రాఘవమ్మ అతని చొక్కా జేబు వైపు చూసింది. పెన్ను లేదు. చేతిలో పుస్తకమూ లేదు. అప్పుడు మొహం వేలాడేసి, పెద్దగా నిట్టూర్చింది.

"సగం పోతే సగం నాయనా," అంది.